‘ది వేవ్స్’ మధ్యలో ఆపేసిన యువ రచయితకి

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. ‘ది వేవ్స్’ మొదలుపెట్టి, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో అంతుచిక్కక పక్కన పెట్టేశానన్నావు. ఆ నవల రాసిన ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ అర్థం కావాలంటే ముందుగా ఏమేం చదవాలో జాబితా పంపమన్నావు. జాబితా పంపను. ఆపిన చోటి నుంచే మళ్ళీ అందుకో. తేలికైనవన్నీ వరసగా చదువుకుంటూ వస్తే తప్ప ఆ పుస్తకం కొరుకుడు పడదనేవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఆమె 1925 నాటి నవల ‘మిసెస్ డాలోవే’ని ఆపోశన పట్టినవాళ్ళకి కూడా 1931లో వచ్చిన ‘ది వేవ్స్’ కొత్తగానే ఉంటుంది. అప్పటిదాకా తను సాధించుకున్న పద్ధతిని కూడా ఆమె అక్కడ పక్కన పెట్టేసింది మరి.

చైతన్య స్రవంతి నవల, అంటే మనసులో ఆలోచనలు వచ్చినవి వచ్చినట్టు రాసే నవల అని ఎవరో చెబితే మొదలుపెట్టానని రాశావు. చిక్కు అక్కడే వచ్చినట్టుంది. నవీన్ ‘అంపశయ్య’ చదివినదానివి కదా, ఒక విద్యార్థి మనసులో ఆలోచనలు తోసుకుంటూ, తెగిపోతూ, మళ్ళీ అతుక్కుంటూ వస్తుంటాయి. ‘ది వేవ్స్’లో నువ్వు వెతికింది అదే. అక్కడ అది దొరకదు. అందులో అందరూ దిద్ది తీర్చిన పూర్తి వాక్యాల్లో మాట్లాడతారు.

మొదటి పేజీ మళ్ళీ తీసి చూడు. ఆరుగురు పిల్లలు, పొద్దున్నే. బెర్నార్డ్‌కి తన పైన వేలాడే వలయం ఒకటి వెలుగులో వణుకుతూ కనిపిస్తుంది. సూసన్‌కి లేత పసుపు పలక. రోడాకి పిట్ట కిచకిచ వినిపిస్తుంది. నెవిల్‌కి కొండ పక్కన చుక్కలా వేలాడే గోళం కనిపిస్తే, జిన్నీకి బంగారు దారాలు పెనవేసిన ఎర్ర కుచ్చు కనిపిస్తుంది. లూయీ మాత్రం కాలికి గొలుసు పడిన పెద్ద జంతువేదో నేలను దబదబా తొక్కుతున్న చప్పుడు వింటాడు. పసివాళ్ళెవరూ ఇలా మాట్లాడరు. ‘అన్నాడు’, ‘అంది’ అని రాసి ఉన్నా అక్కడ ఎవరూ నోరు విప్పడం లేదు. వాళ్ళు బడికి వెళ్తారు, ఉద్యోగాలు చేస్తారు, పిల్లల్ని కంటారు, ముసలివాళ్ళవుతారు. భాష మాత్రం మొదటి పేజీలో ఉన్నట్టే ఉంటుంది.

మనిషిని బట్టి, వయసును బట్టి మాటతీరు మార్చడం నవలాకారులకు పెద్ద బలం. దాన్ని వుల్ఫ్ కావాలనే వదులుకుంది. వదులుకుంటే ఏం దక్కింది? గొంతును బట్టి మనిషిని పోల్చుకునే వీలు పోయింది కాబట్టి ఎవరు దేన్ని చూస్తారో, దేనికి ఉలిక్కిపడతారో దాన్ని బట్టే పోల్చుకోవాలి. గొలుసు చప్పుడు విన్న లూయీ బ్రిస్బేన్ బ్యాంకరు కొడుకు. తన ఆస్ట్రేలియా యాస బయటపడుతుందేమోనని జీవితమంతా బిగదీసుకునే ఉంటాడు. కుచ్చు మెరుపు చూసిన జిన్నీ ఒంటి మీది బట్టతో, నాట్యంతో, తన వైపు తిరిగే చూపులతో బతుకుతుంది. రోడా ఒక చిన్న నీటి గుంట ఎదురైతే దాటలేక నిలబడిపోతుంది. ఇదంతా తెలిశాక ఆ మొదటి పేజీకి వెళితే, ఆరు జీవితాలూ ఆరు వాక్యాల్లో అప్పటికే మొదలైపోయి ఉన్నాయని తెలుస్తుంది.

ప్రయోగం చేసిన రచన ఏది చేతికొచ్చినా నువ్వు అడగాల్సింది ఇదే: ఈ రచయిత్రి ఏం వదులుకుంది, దానికి బదులు ఏం దక్కింది? అర్థం సంగతి తర్వాత దానంతట అదే వస్తుంది. రాసేవాళ్ళకి ఇంతకన్నా పనికొచ్చే ప్రశ్న నాకు కనిపించలేదు.

1927 నాటి ఆమె నవల ‘టు ద లైట్‌హౌస్’ చూడు. మొదటి భాగమంతా మిసెస్ రామ్సే. ఇల్లూ, పిల్లలూ, అతిథులూ ఆమె చుట్టూనే తిరుగుతారు. రెండో భాగంలో ఆమె చనిపోతుంది. ఆ చావు బ్రాకెట్లలో పెట్టిన ఒక్క వాక్యం. భర్త చీకటి నడవలో చేతులు చాస్తాడు. ఆమె ముందు రోజు రాత్రే పోయింది కాబట్టి ఆ చేతులు ఖాళీగా మిగిలిపోతాయి. అంతే. మిగతా పేజీలన్నీ పదేళ్ళు పాడుబడిన ఇల్లు, దుమ్ము, గాలి. మరణశయ్య, చివరి మాటలు, ఏడుపులు, అన్నీ వదిలేసింది. అందుకే ఆమె లేని లోటు పాత్రల కంటే ముందు మనకే తగులుతుంది. వుల్ఫ్ తల్లి 1895లో పోయింది, అప్పటికి ఆమెకు పదమూడేళ్ళు. ఆ ఖాళీ ఎంత పెద్దదో తెలిసిన మనిషి, దాన్ని బ్రాకెట్లలో పెట్టింది.

‘ది వేవ్స్’లో ఇంకా ముందుకు వెళ్ళింది. ఆరుగురూ ప్రేమించే ఏడో మనిషి పెర్సివల్. పుస్తకం మొత్తంలో అతనికి ఒక్క స్వగతం కూడా లేదు. ఇండియా వెళ్ళి, గుర్రం మీంచి పడి చనిపోతాడు. ఆ కబురు వచ్చే అధ్యాయం దగ్గర నెమ్మదించు. నెవిల్ మాటలు ముక్కలు ముక్కలుగా వస్తాయి: అతను చనిపోయాడు, పడిపోయాడు, గుర్రం తడబడింది. ఆ వెంటనే బెర్నార్డ్. అతనికి అప్పుడే కొడుకు పుట్టాడు. ఏది సంతోషమో ఏది దుఃఖమో విడదీసుకోలేక వీధిలో నడుస్తుంటాడు. తర్వాత రోడా. అధ్యాయం అక్కడితో అయిపోతుంది. సూసన్, జిన్నీ, లూయీ నోరెత్తరు. వాళ్ళ దుఃఖం ఎలా ఉందో మనకు చెప్పలేదు. ఆ మూడు మౌనాలూ గమనించావంటే ఆమె పనితనం నీ చేతికి అందినట్టే.

ఆమె అన్న థోబీ గ్రీస్ యాత్ర నుంచి టైఫాయిడ్‌తో తిరిగొచ్చి 1906లో పోయాడు. నవల చివరి మాటలు రాసిన రోజున అతన్ని తలుచుకుని ఏడ్చానని డైరీలో రాసుకుంది. ఇది తెలుసుకోవడం మంచిదే. అలాగని 1941లో ఆమె నదిలో చేసుకున్న ఆత్మహత్యను మాత్రం ప్రతి వాక్యం కిందా వెతక్కు. ఆ పుస్తకం రాసినది పని మీద పూర్తి పట్టు ఉన్న మనిషి. మొత్తం నవలను మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు రాసింది.

ఇండియా ప్రస్తావన దగ్గర నీకు మనసు చివుక్కుమంటుంది. చివుక్కుమననివ్వు. పెర్సివల్‌ వీడ్కోలు విందులో బెర్నార్డ్ ఒక దృశ్యం ఊహిస్తాడు: గాడిలో ఇరుక్కున్న ఎడ్లబండి, చుట్టూ గోల చేసే జనం, పెర్సివల్ రావడం, నాలుగు తిట్లు తిట్టడం, అయిదు నిమిషాల్లోపే బండి బయటికి రావడం, జనం అతన్ని దేవుడిలా చూడటం. తూర్పు దేశాల సమస్య తీరిపోయిందట! ఆ దృశ్యం బెర్నార్డ్ ఊహ. తన తరం ఇంగ్లీషు యువకులు సామ్రాజ్యానికి వీరుల్ని ఎలా అల్లుకునేవాళ్ళో ఆమె ఎత్తిపొడుస్తోందనే నేను చదువుతాను. అయినా ఆ జనంలో ఒక్కరికి కూడా ముఖం లేదు. ఆరు మనసుల్లోకి అంత లోతుగా దిగిన పుస్తకం ఆ బండివాడి మనసు గడప దగ్గరే ఆగిపోయింది. మెచ్చుకుంటూనే ఈ మాట అనొచ్చు. మనం అనకపోతే ఎవరంటారు?

ఇక చదివే తీరు. గట్టిగా, బయటికి వినపడేలా చదువు. ఈ నవలను కథను బట్టి కాకుండా లయను బట్టి రాస్తున్నానని ఆమే డైరీలో రాసుకుంది. కంటితో చదివితే అలసిపోయే పేజీలు చెవికి ఇట్టే అందుతాయి. అధ్యాయాలకు ముందు సముద్రం మీద సూర్యుడు ఎక్కి దిగే వర్ణనలున్నాయే, వాటిని దాటేయకు. అక్కడ మనుషులుండరు, కాలం నడుస్తుంటుంది. ఆ వెలుగు ఎంత ఎత్తులో ఉందో చూసుకుంటే ఈ ఆరుగురూ ఏ వయసులో ఉన్నారో తెలిసిపోతుంది. ఎవరు మాట్లాడుతున్నారో ఒకచోట తప్పిపోతే వెనక్కి వెళ్ళకు, ముందుకే సాగు. నాలుగు వాక్యాల్లో ఆ మనిషే తనెవరో చెప్పేస్తాడు.

నీ కథ సంగతికి వస్తాను. ఫుల్‌స్టాప్‌లన్నీ తీసేశావు. వుల్ఫ్ ప్రభావమన్నావు. ఆమె ఫుల్‌స్టాప్‌లు తీసేయలేదు తల్లీ, సెమీకోలన్‌ను కూడా ఎంతో ఆలోచించి వాడింది. 1917లో భర్తతో కలిసి ఇంట్లో చేతి ముద్రణ యంత్రం పెట్టుకుంది. కవి ఎలియట్ దీర్ఘకవిత ‘ది వేస్ట్ ల్యాండ్’ను 1923లో తన చేత్తో అక్షరం అక్షరం కంపోజ్ చేసింది. అలాంటి మనిషికి అక్షరానికి ఎంత బరువో, రెండు పేరాల మధ్య ఖాళీకి ఎంత బరువో చేతివేళ్ళకే తెలుసు. నీ కథలో ఫుల్‌స్టాప్‌లు పోయాయి, వాటి బదులు నీకేం దక్కిందో మాత్రం నాకు కనిపించలేదు. తల్లీ కూతుళ్ళు ఆసుపత్రి వరండాలో కూర్చున్న ఆ రెండు పేజీల్లో నువ్వు నిజంగా ఒకటి వదులుకున్నావు: జబ్బు పేరు ఎక్కడా చెప్పలేదు. దానివల్ల వాళ్ళిద్దరి మధ్య ఉన్న భయం నన్ను పట్టుకుంది. నీ ప్రయోగం అదీ. ఫుల్‌స్టాప్‌లు తిరిగి పెట్టేసి, మిగతా కథంతా ఆ రెండు పేజీల వెంట నడిపించు.

‘ది వేవ్స్’ చివరి అధ్యాయం బెర్నార్డ్ ఒక్కడిదే, పొడవైనది. దాన్ని ముక్కలు చేయకుండా ఒక్క పట్టున పూర్తి చెయ్యి, తీరిక ఉన్న రోజు చూసుకో. చదివాక కథ తిరగరాసి పంపు. నాకు తొందరేమీ లేదు.

ఆశీస్సులతో.