ఆకు తలుపు వేసుకుంటుందా?

ప్రశ్న: మా అత్తగారు కొత్తిమీరను ఉప్పునీళ్లలో ముంచి తీసి, పచ్చిగానే రోట్లో నూరి పచ్చడి చేస్తారు. కిందటి నెల మా అబ్బాయికి టైఫాయిడ్ వచ్చింది. అప్పటి నుంచి నాకు భయంగా ఉంది. మనుషులకు రోగాలు తెచ్చే క్రిములు ఆకు లోపలికి కూడా వెళతాయట. మొక్క వాటిని అడ్డుకోదా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అడ్డుకుంటుందమ్మా, తన ప్రాణం కోసం. మన సంగతి దానికి పట్టదు.

నేను ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పాను. ఆకు అడుగున గోళ్లరంగు పూసి, ఆరాక ఆ పొరను ఊడదీసి సూక్ష్మదర్శిని కింద పెట్టేవాణ్ణి. రెండు పెదవుల్లాంటి రక్షక కణాలు, నడుమ చిన్న చీలిక. అదే పత్రరంధ్రం. గాలి రావడానికీ నీటి ఆవిరి పోవడానికీ అని చెప్పి పాఠం ముగించేవాణ్ణి. ఆ తలుపు దొంగను పసిగట్టి మూసుకుంటుందన్న సంగతి అప్పట్లో నాకే తెలియదు. 2006లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో మెలోటో, షెంగ్ యాంగ్ హీ బృందం దాన్ని తేల్చింది. అరబిడాప్సిస్ అని ఆవ కుటుంబపు చిన్న మొక్క ఒకటుంది. దాని ఆకులకు బాక్టీరియా తగిలించగా రెండు గంటల్లోపే చాలా రంధ్రాలు మూతపడ్డాయి. అలా తగిలించిన వాటిలో మనకు రక్తవిరేచనాలు తెచ్చే ఇ.కోలై ఓ157 కూడా ఉంది.

మొక్కకు రక్తం లేదు, ప్రతిరక్షకాలు లేవు. మరి ఎలా పసిగడుతుంది? చాలా బాక్టీరియాలు కశాభమనే తోకతో ఈదుతాయి. ఆ తోక ఫ్లాజెల్లిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతుంది. అందులో 22 అమైనో ఆమ్లాల ముక్క ఒకటి ఎన్నో బాక్టీరియాల్లో దాదాపు ఒకేలా ఉంటుంది. మొక్క కణం పైపొరలోని ఎఫ్ఎల్ఎస్2 అనే గ్రాహకం ఆ ముక్కను పట్టేస్తుంది. దొంగ ముఖం ఎరగకపోయినా చెప్పుల చప్పుడు తెలిస్తే చాలు కదా! వెంటనే కణం హైడ్రోజన్ పెరాక్సైడ్ వదులుతుంది, గోడలను గట్టిపరుచుకుంటుంది, తలుపు వేస్తుంది. మన ప్రేగులు కూడా ఇదే ఫ్లాజెల్లిన్‌ను గుర్తుపడతాయి, కాకపోతే వేరే ముక్కను పట్టుకుని.

చిక్కల్లా సాల్మొనెల్లా అనే బాక్టీరియాతో. టైఫిమ్యూరియం అనే రకాన్ని (టైఫాయిడ్ క్రిమికి దాయాది ఇది) లెట్యూస్ ఆకు మీద వేస్తే రంధ్రాలు కాసేపు మూసుకుని, మళ్లీ తెరుచుకున్నాయి. వెలుతురులో ఆ క్రిములు తెరిచిన రంధ్రాల దగ్గర గుమికూడి లోపలికి దూరడం 2009లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు చూశారు. చీకట్లో ఉంచిన ఆకుల్లోకి అవి అలా వెళ్లలేదు. గాలిలో తేమ మరీ ఎక్కువైతే కూడా మొక్క ఈ తలుపు సరిగా వేయలేదు. అది చదివిన నాటి నుంచి మా ఇంట్లో కొత్తిమీర తడి ఆరాకే డబ్బాలోకి వెళుతుంది.

మొలకల గతి ఇంకా కష్టం. క్రిమి విత్తనంతోనే వస్తే తలుపు వేసి ఏం లాభం? పైగా మొలకెత్తడానికి మనమిచ్చే తడి, వెచ్చదనం దానికీ పండగే. 2011లో జర్మనీలో ఓ104 రకం ఇ.కోలై 3,800 మందికి పైగా సోకి, 50 మందికి పైగా చనిపోయారు. ముందు స్పెయిన్ దోసకాయలను అనుమానించారు. చివరికి తేలింది మెంతి మొలకలని!

ఇక మీ ఇంటి సంగతి. టైఫాయిడ్ క్రిమి మనిషి మలంతో కలుషితమైన నీళ్లు, తిండి ద్వారా వస్తుంది కాబట్టి ముందు తాగే నీళ్లు కాచి ఇవ్వండి. ఉప్పునీళ్లను నమ్ముకోకండి. ధారగా పడే మంచినీళ్లలో కడిగితే పైనున్నవి చాలావరకు పోతాయి, లోపలికి దూరినవి పోవు. వాటికి వేడి తగలాల్సిందే. కొత్తిమీరను మూకుట్లో నూనె వేసి బాగా మగ్గించి, తర్వాతే రోట్లో వేయమనండి. పచ్చివాసన లేదని అత్తగారు సణిగితే, పోపులో ఇంకో రెండు ఎండుమిరపకాయలు వేయండి.