మడమ పోటు, అరికాళ్ల తిమ్మిరి థైరాయిడ్ వల్లేనా?

అక్కా, పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో పోటు, రాత్రిళ్లు అరికాళ్లు తిమ్మిరి, థైరాయిడ్ రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 14 అని రాశారు. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే ఈ అంకె ఇలా పెరుగుతుంది. సంబంధం ఉండొచ్చు. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే ఒంట్లో నీరు చేరి కణజాలం ఉబ్బుతుంది. లోపలి చీలమండ వెనక ఇరుకు దారిలో అరికాలికి వెళ్లే నరం ఒకటుంది. ఆ ఉబ్బుకి అది నలిగితే తిమ్మిరి, మంట వస్తాయి. పిక్కలు పట్టేయడమూ మామూలే. మడమ పోటు మాత్రం థైరాయిడ్ బాగున్నవాళ్లకూ వస్తుంది, అందుకని నెపమంతా దీని మీదే వేయకండి. షుగర్, బి12 కూడా చూపించుకోండి.

నాకు అసలు తేడాగా అనిపించింది మీరు రాసిన ఇంకో మాట: థైరాయిడ్ మాత్ర, కాల్షియం మాత్ర రెండూ కాఫీతో కలిపి వేసుకుంటున్నారట! అలా వేస్తే మందు సరిగా ఒంటబట్టదు. లేవగానే పరగడుపున థైరాయిడ్ మాత్ర ఒక్కటే మంచినీళ్లతో వేసుకోండి. కాఫీ అరగంట నుంచి గంట ఆగి తాగండి. కాల్షియం, ఐరన్ 4 గంటల తర్వాతే. ఇలా 6 నుంచి 8 వారాలు వాడి టీఎస్‌హెచ్ మళ్లీ చేయించండి. డోసు మీ అంతట మీరు పెంచొద్దు, డాక్టర్‌కే వదిలేయండి.

ఈలోగా మంచం మీదే కాలు చాపి, తువ్వాలు పాదానికి వేసి వేళ్లను మీవైపు లాగి అరనిమిషం పట్టుకోండి. నాలుగైదు సార్లు చేశాకే దిగండి. టైల్స్ మీద ఉత్త కాళ్లతో నడవకండి. ఒక్క కాలే వాచి, పిక్క ఎర్రబడి నొప్పిగా ఉంటే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి అక్కా.