దడ, నిద్రలేమి: ముందు చాయ్ వేళలు మార్చండి

మాదాపూర్‌లో ఉద్యోగం, టిఫిన్ లేకుండా పరుగు, రోజుకు ఆరేడు ఇరానీ చాయ్‌లు, సాయంత్రానికి గుండె దడ, రాత్రి రెండైనా నిద్ర రాదు, ఊరికే టెన్షన్ అని మీరు రాశారు. చదువుతుంటే బాధేసింది. రెండేళ్ల కిందట నాదీ ఇదే పరిస్థితి.

చాయ్‌లోని కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు 5 గంటలు పడుతుంది. సాయంత్రం ఏడింటికి తాగింది అర్ధరాత్రికి కూడా సగం మిగిలే ఉంటుంది. నిద్ర చెడితే మర్నాడు చిన్న మాటకే దిగులు, ఆ నీరసానికి మళ్లీ చాయ్. ఖాళీ కడుపుతో తాగితే దడ, చేతుల వణుకు ఇంకా తెలుస్తాయి. అవి చూసి మనకేదో అయిపోతోందని భయం పెరుగుతుంది.

ఒక్కసారిగా మానకండి, తలనొప్పి, చిరాకు వస్తాయి. రెండు మూడు రోజులకో కప్పు తగ్గించండి. మధ్యాహ్నం రెండు దాటాక వద్దు. ఉదయం పెసరట్టో, నాలుగు ఇడ్లీలో తిని బయల్దేరండి. నాకు అన్నిటికంటే మేలు చేసింది ఇదే. నిద్ర కోసం మద్యం మాత్రం ముట్టకండి, అది నడిరాత్రి లేపేస్తుంది.

రెండు వారాల్లో తగ్గకపోతే డాక్టర్‌ను కలవండి. థైరాయిడ్, రక్తహీనత వల్ల కూడా దడ వస్తుంది. ఛాతీలో నొప్పి ఉంటే అసలు ఆగొద్దు. దిగులు మరీ ఎక్కువైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.