ముఠా కూలీలతో సిగరెట్ మాన్పించాలంటే బోనస్ ఇస్తే చాలా?

ప్రశ్న: మాది మండపేట దగ్గర రైస్ మిల్లు. ముఠా కూలీల్లో చాలామంది బీడీలు, సిగరెట్లు తాగుతారు. క్యాన్సర్ పోస్టర్లు అంటించినా ఎవరూ పట్టించుకోవడం లేదు. మానేసినవాళ్లకు బోనస్ ఇస్తే ఉపయోగం ఉంటుందా?

జవాబు: ఉంటుంది. కానీ ముందు మీరు చెప్పే మాట మారాలి. 75 కిలోల బస్తా మోస్తూ లారీ బల్ల ఎక్కే మనిషికి ఎప్పుడో వచ్చే క్యాన్సర్ కంటే ఇవాళ సగం బల్లలో వచ్చే ఆయాసమే పెద్ద బాధ. దాని గురించే మాట్లాడండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. మానేసిన ఒకటి రెండు రోజుల్లోనే అది మామూలు స్థాయికి దిగుతుంది, కొన్ని వారాలకు ఊపిరి తేలికపడుతుంది. ఈ మాట మీకంటే ముఠా మేస్త్రి చెబితే ఎక్కువ వింటారు. ఆయన కూడా తాగేవాడైతే ముందు ఆయనతోనే మొదలుపెట్టండి.

డబ్బు సంగతి ఒక్కొక్కరికీ విడిగా చెప్పాలి. బడ్డీకొట్టులో పద్దు ఉన్నవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ఆ పద్దు చూడండి. సిగరెట్లకు రోజుకు 60 రూపాయలు పోతుంటే నెలకు 1,800. అదే పోస్టాఫీసు ఆర్డీలో ఐదేళ్లు కడితే 6.7 శాతం వడ్డీ లెక్కన సుమారు 1,28,000 చేతికొస్తుంది. బీడీలు తాగేవాళ్లకు మిగిలేది తక్కువ, ఈ లెక్క వాళ్లను కదిలించదు. వాళ్లతో ఆయాసం సంగతే మాట్లాడండి.

మిగిలిన డబ్బు జేబులో ఉంటే ఇంకో ఖర్చుకు పోతుంది. అందుకే బట్వాడా రోజునే, వాళ్లు ఒప్పుకుంటే, ఆ మొత్తం పక్కన పెట్టించి నెలనెలా ఆర్డీలో వేయించండి. మీ బోనస్ మాత్రం సంక్రాంతికి ఒకేసారి ఇవ్వకండి. మొదటి మూడు నాలుగు వారాలే బాగా కష్టం, అప్పుడు వారం వారం కొంత ఇవ్వండి. తర్వాత మూడో నెల, ఆరో నెల. మధ్యలో ఒకసారి తాగితే ఆ వారం బోనస్ మాత్రమే ఆపండి. కూలీలో మాత్రం కోత పెట్టకండి, పెడితే దాచిపెట్టి తాగుతారు.

ప్యాకెట్ మీద ఉండే 1800-11-2356 నంబరుకు ఫోన్ చేస్తే మానడానికి ఉచితంగా సలహా ఇస్తారు. మొదటి కాల్ మీ ఆఫీసు గదిలోంచి మీరే చేయించండి.

ధాన్యం సీజన్ జోరు మీద ఉన్నప్పుడు మాత్రం మొదలుపెట్టవద్దు. రాత్రి లోడింగులో నిద్ర ఆపుకోవడానికే చాలామంది వెలిగిస్తారు. మిల్లు కాస్త ఖాళీగా ఉన్న వారం చూసుకుని, మానాలని తమంతట తామే అనుకుంటున్న ఇద్దరు ముగ్గురితో మొదలుపెట్టండి.