చూపునూ వినికిడినీ సాన పెట్టుకోవడం ఎలా?

డిజైన్, సైన్సు, సంగీతం కలిపి ఆలోచించాలంటే కన్నూ చెవీ ఎలా సిద్ధం చేసుకోవాలని అడిగారు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో మొదలుపెట్టండి (శుక్రవారం సెలవు). ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెకా విగ్రహం ముందు 10 నిమిషాలు నిలబడండి, ఫోన్ జేబులోనే ఉంచండి. ‘అందంగా ఉంది’ అని రాయకండి, కనిపించేదే రాయండి: ముడత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, వెలుగు ఎటునుంచి పడుతోంది. మొత్తం పాలరాయే. ముడతల అంచులు పదునుగా, వాటి వెనక ముఖం రేఖలు మెత్తగా ఉండటంవల్లే మన కన్ను దాన్ని పల్చటి గుడ్డ అనుకుంటుంది. తర్వాత 5 నిమిషాలు బొమ్మ గీయండి. వంకరగా వచ్చినా ఫర్వాలేదు, గీస్తేనే చూడనిది బయటపడుతుంది.

చెవికి గోల్కొండ కోట. ఉదయం జనం రాకముందే వెళ్లండి. చప్పట్లు కొట్టి చూపించే గుమ్మటం కింద ఒకసారి, పది అడుగులు బయటికొచ్చి ఒకసారి చప్పట్లు కొట్టి రికార్డు చేయండి. ఎక్కువమంది పొరపాటు ఇక్కడే: వాట్సాప్ వాయిస్ మెసేజ్ వాడతారు. అది ఫైలును కుదించి, సన్నని ప్రతిధ్వనిని చెరిపేస్తుంది. రికార్డర్‌లో శబ్దాన్ని కుదించకుండా దాచే వేవ్ (WAV) ఫార్మాట్ పెట్టి, నాయిస్ తగ్గించే సెట్టింగు ఆపేయండి. గాలికి వీపు పెట్టి నిలబడండి.

ఇంటికొచ్చాక రెండు ఫైళ్లనూ ఆడాసిటీలో (శబ్దాన్ని గీతలా చూపించే ఉచిత కంప్యూటర్ ప్రోగ్రాం) తెరిచి, చప్పుడు ఎలా సన్నగిల్లిందో గీత గీయండి. పక్కనే రెబెకా ముసుగు ముడత కరిగిపోయిన తీరు గీయండి. ఆ రెండు గీతల మధ్య పోలికా తేడా మూడు వాక్యాల్లో రాయండి. ఇలాంటి అభ్యాసం వారానికొకటి చాలు.