చమురు ధర గురించి అడిగారు, నేను చోటు గురించి చెప్తాను

"ముడి చమురు ధర ఎందుకిలా ఎగిరెగిరి పడుతుంది? అసలు ఇదంతా ఏ దేశం నుంచి వస్తుంది?" అని కదా ప్రశ్న. పన్నెండేళ్లు ఆయిల్ ట్యాంకర్ల మీద పనిచేసినవాణ్ణి. నా లెక్కలో చమురు ధరని ఆడించేది దాన్ని పెట్టుకునే చోటు. ఎకనామిక్స్ చదివినవాళ్లు ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే పోనీండి, వాళ్లెవరూ కొనేవాడు లేని సరుకు మీద కూర్చుని లంగరేసుకుని రోజులు లెక్కపెట్టలేదు.

2020 మార్చిలో అంగోలా తీరానికి బాగా దూరంగా, సముద్రంలోనే తేలుతూ ఉండే ప్లాట్‌ఫాంల దగ్గర లోడ్ చేసుకున్నాం. ఒకచోట సగం, ఇంకోచోట సగం, మొత్తం 19 లక్షల బ్యారెళ్లు. బ్యారెల్‌కి 159 లీటర్లు. గుండె గుభేల్మనే అంకెలాగే ఉంటుంది గానీ, మామూలు రోజుల్లో ప్రపంచం రోజుకి తాగేది దాదాపు 10 కోట్ల బ్యారెళ్లు. అంటే 330 మీటర్ల ఓడ నిండా మోసుకొచ్చింది అరగంటకి కూడా చాలదు.

కేప్ ఆఫ్ గుడ్ హోప్ చుట్టి తూర్పుకి వస్తుంటే దారిలోనే సరుకు చేతులు మారింది. ఓడలో ఉన్నవాళ్లకి అది తెలిసే పద్ధతి ఒక్కటే, వెళ్లాల్సిన పోర్టు మారిందని మెయిల్ వస్తుంది. మాకు రెండుసార్లు మారింది. మూడోసారి పోర్టు పేరే లేదు. సింగపూర్ బయట లంగరేసి ఆర్డర్లు వచ్చేదాకా ఆగండి అన్నారు.

ఆగాం. చుట్టూ ఎటు చూసినా ట్యాంకర్ల దీపాలే. చుట్టుపక్కల ఓడల వివరాలు చూపించే తెర మీద ఏ ఓడని నొక్కినా డ్రాఫ్ట్, అంటే నీళ్లలో మునిగిన లోతు, ఇరవై మీటర్లు చూపిస్తోంది, అంటే అన్నీ నిండు గర్భిణులే. రాత్రి 12 నుంచి 4 దాకా వాచ్ నాది, సెకండ్ మేట్‌కి ఎప్పుడూ పడేది అదే. ఏప్రిల్ 21, తెల్లవారుజామున రెండున్నర దాటింది. న్యూయార్క్‌లో ఇంకా 20వ తేదీ మధ్యాహ్నమే. నాతోపాటు వాచ్‌లో ఉన్న ఏబీ, అంటే డెక్ మీద పనిచేసే నావికుడు, ఫోన్ తీశాడు. తీయకూడదు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

"సార్, బ్యారెల్ మైనస్ 37 డాలర్లంట. మైనస్ ఏంటి సార్?"

"తీసుకెళ్లేవాడికే ఎదురు డబ్బులిస్తారన్నమాట."

అతను కిటికీలోంచి డెక్ వైపు కాసేపు చూశాడు. పెదాలు కదుపుతూ ఏదో గుణించుకున్నాడు. "అయితే ఇప్పుడు మనం ఏడు కోట్ల డాలర్లు బాకీ ఉన్నామా సార్?"

లేము. ఆ మైనస్ 37.63 అనేది అమెరికా చమురు ధరకి కొలబద్ద అయిన డబ్ల్యూటీఐ మే నెల కాంట్రాక్టుది, అంటే మే నెలలో అందుకునే సరుకుకి ముందే ధర కట్టుకునే ఒప్పందానిది. దాని గడువు మర్నాటితో సరి. గడువు దాటితే ఒక్కో కాంట్రాక్టుకి 1000 బ్యారెళ్ల చొప్పున ఓక్లహోమాలోని కుషింగ్‌లో సరుకు దింపుకోవాలి. అక్కడ సముద్రం లేదు, ఉన్న ట్యాంకులన్నీ నిండిపోయాయి, లేదా ఎవరో ముందే మాట్లాడుకున్నారు. కాగితం మీద కొన్నవాళ్లకి చుక్క చమురు పోసుకునే చోటు లేదు. అదే రోజు బ్రెంట్, అంటే ఉత్తర సముద్రం చమురు ధర, 25 డాలర్ల దగ్గరుంది. మా సరుకుకి కొలబద్ద బ్రెంటే. పేపర్లు మాత్రం చమురు నీళ్లకన్నా చవకైపోయిందని రాసేశాయి.

చమురుని అడిగే దిక్కులేని ఆ రోజుల్లోనే మా సైజు ఓడల అద్దె రోజుకి లక్ష డాలర్లు దాటింది. అర్థమైందా నేను చోటు అని ఎందుకంటున్నానో? ఓపిగ్గా దాచుకున్నవాడు జూన్‌లో 40 డాలర్లకి అమ్ముకున్నాడు. మా జీతాలు మాత్రం ఎక్కడివక్కడే. పైగా కోవిడ్ పేరుతో ఏ పోర్టులోనూ దిగనివ్వక, పదకొండు నెలలు దాటినా ఇంటిమొహం చూడని కుర్రాళ్లు మా ఓడలోనే నలుగురున్నారు. చమురుకి చోటు వెతికినంత శ్రద్ధగా మనుషుల్ని దించడానికి ఎవరూ వెతకలేదు.

2019 సెప్టెంబర్లో దీనికి తిరగేసి జరిగింది. సౌదీలో చమురుని శుద్ధిచేసే పెద్ద కేంద్రం అబ్కైక్ మీద దాడితో రోజుకి 57 లక్షల బ్యారెళ్ల ఉత్పత్తి ఆగింది. సోమవారం ఒక్కరోజే ధర 15 శాతం దాకా లేచింది. రెండు వారాలు గడిచేసరికి మళ్లీ మామూలే, ఎందుకంటే నిల్వ ట్యాంకుల్లో సరుకుంది.

ఇక ఏ దేశానిది అంటారా. చివరికి మాకు ఒక రిఫైనరీ దొరికింది. మా రెండు శాంపిల్ సీసాలు పక్కపక్కన పెడితే ఒకటి ఇంజిన్ ఆయిల్‌లా పల్చన, రెండోది వంచితే అంచు వదలనంత చిక్కన. రెండూ అంగోలావే! పక్క బెర్త్‌లో గల్ఫ్ నుంచి వచ్చిన ఓడ ఉంది. రిఫైనరీవాళ్లు తమ యంత్రాలకి సరిపడేలా ఇందులో కొంత, అందులో కొంత కలుపుకుంటారు. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ తీసే అమెరికా కూడా కెనడా నుంచి చిక్కటి చమురు కొనేది అందుకే, వాళ్ల రిఫైనరీలు చాలావరకు చిక్కటిదానికి కట్టినవి. ఒకసారి కలిశాక మీ బండిలో పోసిన లీటరు ఏ దేశానిదో ఎవడూ చెప్పలేడు.

అన్నట్టు, చమురంటే డైనోసార్ల కొవ్వు అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. కాదండీ. సముద్రం అడుగున పేరుకున్న కంటికి కనిపించని నాచూ, ప్లవకాలూ కోట్ల ఏళ్లు మట్టి కింద ఉడికితే వచ్చింది. అదీ భూమిలో చెరువులా ఉండదు, రాతి సందుల్లో ఇసుకలో నీళ్లలా ఇంకి ఉంటుంది.