సున్నా వడ్డీ కార్డుకి అప్పు మార్చుకోవచ్చా?

ప్రశ్న: మేడమ్ గారూ, మేము డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. మా ఆవిడకి ఉద్యోగం లేని ఐదు నెలల్లో కిరాణా, కారు రిపేరు, పాప డాక్టరు బిల్లు అన్నీ క్రెడిట్ కార్డుల మీదే నడిచాయి. ఒక కార్డు మీద 6,400 డాలర్లు (24 శాతం), ఇంకోదాని మీద 2,600 (28 శాతం). నెలకి 300 కడుతున్నా అప్పు తగ్గడం లేదు. వేరే బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది: అప్పు తమ కార్డుకి మార్చుకుంటే 18 నెలలు వడ్డీ ఉండదట, 3 శాతం ఫీజు అట. ఇందులో మెలిక ఏమైనా ఉందా? ఊళ్లో నాన్నగారిని బంగారం తాకట్టు పెట్టి డబ్బు పంపమని అడుగుదాం అంటోంది మా ఆవిడ. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. (పేరు వేయవద్దు)

జవాబు: అప్పు ఎందుకు తగ్గడం లేదో మీ అంకెలే చెబుతున్నాయి. రెండు కార్డుల మీదా కలిపి నెలకి దగ్గర దగ్గర 190 డాలర్ల వడ్డీ పడుతోంది. మీ 300లో అసలుకి చేరేది 110. కాబట్టి కార్డు మార్చుకోమనే అంటాను. ఫీజు 270 డాలర్లు. అంటే నెలన్నర వడ్డీ కూడా కాదు.

అయితే ముందు ఒక భాగహారం చేయండి. 9,270ని 18తో భాగిస్తే 515. నెలకి 515 కట్టగలిగితే గడువులోగా అప్పు పూర్తిగా తీరిపోతుంది. అదే 515 పాత కార్డులకే కడుతూ పోతే ఇరవై రెండు నెలలు పడుతుంది, వడ్డీ రెండు వేలు దాటుతుంది. మరి ఇప్పటిలా 300తోనే సరిపెడితే? 18 నెలల తర్వాత ఇంకా 3,870 మిగులుతుంది, అప్పటినుంచి దాని మీద మామూలు వడ్డీ మొదలవుతుంది. మీ ఆవిడకి మళ్లీ ఉద్యోగం వచ్చిందో లేదో మీరు రాయలేదు. నా సలహా అంతా దాని మీదే ఆధారపడి ఉంది.

మెలిక అన్నారు కదా, నేను దెబ్బతిన్నది చెబుతాను. 2007లో 4,200 డాలర్లు ఇలాగే సున్నా వడ్డీ కార్డుకి మార్చాను. రెండు నెలలకి అమ్మకి బాగాలేదని కబురొస్తే అదే కార్డు మీద 1,100 పెట్టి హైదరాబాద్‌కి టికెట్ కొన్నాను. నెలనెలా నేను కట్టిందంతా వడ్డీ లేని బాకీకే జమ అయింది. టికెట్ బాకీ మాత్రం 19 శాతం వడ్డీతో అలాగే పెరుగుతూ కూర్చుంది. అప్పట్లో బ్యాంకులు అలా చేయొచ్చు మరి! 2009లో వచ్చిన కార్డ్ చట్టం దాన్ని మార్చింది. ఇప్పుడు మినిమమ్ పేమెంట్‌కి మించి కట్టినదంతా ఎక్కువ వడ్డీ ఉన్న బాకీకే ముందు వెళ్లాలి. కానీ ఆ మినిమమ్ వరకు మాత్రం బ్యాంకు ఇష్టమే. పైగా మార్చిన బాకీ ఉండగా కొత్తగా కొన్నవాటికి చాలా కార్డుల్లో మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. అందుకని కొత్త కార్డుతో కరివేపాకు కూడా కొనకండి. అది పర్సులో కాదు, బీరువాలో ఉండాలి.

ఇంకోటి, మీరు అడిగిన 9,000కీ లిమిట్ ఇస్తారని లేదు. 5,000 ఇచ్చారనుకోండి, ఫీజు కూడా అందులోదే కాబట్టి సుమారు 4,850 వరకే మార్చగలరు. అప్పుడు 28 శాతం కార్డు బాకీ ముందు మార్చండి, మిగిలిన చోటుకి రెండోదాన్ని కొంత. బాకీ మారడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. ఈలోగా పాత కార్డుల వాయిదా ఆపకండి. కొత్త కార్డుకి ఆటోపే పెట్టండి. అరవై రోజులు ఆలస్యమైతే సున్నా వడ్డీ రద్దు చేసే హక్కు వాళ్లకి ఉంది.

సోఫాల షాపుల వాళ్లు ఇచ్చే ‘గడువులోగా మొత్తం కడితే వడ్డీ లేదు’ అనే కార్డు ఇలాంటిదే అనుకోకండి. అందులో చివర పది డాలర్లు మిగిలినా కొన్న రోజు నుంచి వడ్డీ లెక్కకట్టి వేస్తారు.

నెలకి 400 కూడా కష్టమే అనిపిస్తే, ఎన్‌ఎఫ్‌సీసీ (అప్పుల మీద సలహా ఇచ్చే సంస్థల జాతీయ సమాఖ్య) సభ్య సంస్థల్లో ఏదో ఒక దాని కౌన్సెలర్‌తో మాట్లాడండి. లాభాపేక్ష లేని సంస్థలు అవి. ‘మీ అప్పు సగానికి తెగ్గొడతాం’ అని ఫోన్ చేసేవాళ్లతో మాత్రం మాట్లాడకండి.

బంగారం సంగతి నాన్నగారి దాకా తీసుకెళ్లకండి. ఆ తాకట్టుకీ వడ్డీ ఉంది, అది ఆయన కట్టాలి.

దరఖాస్తు చేసే ముందు ఆ ఉత్తరం పంపిన బ్యాంకు పేరు మరోసారి చూడండి. మీ రెండు పాత కార్డుల్లో ఏదైనా ఆ బ్యాంకుదే అయితే దాని బాకీ మార్చుకోరు. అలాంటప్పుడు వేరే బ్యాంకు ఆఫర్ వెతుక్కోవాల్సిందే.